మోకాలు నొప్పి అని పోతే డాక్టరు తుంటి చూసినాడు: ఎముకల డాక్టరు దగ్గరికి పోయే ముందు

మా చిన్నాయన వాళ్ళది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. నలభై ఆరేళ్ళ మనిషి. రెండేళ్ళ నుంచి కుడి మోకాలు నొప్పి అంటా ఉన్నాడు, ఊర్లో ఆరెంపీ దగ్గరికి పోయి సూది వేయించుకోవడం, మాత్రలు తెచ్చుకోవడం, నాలుగు రోజులు బాగుండడం, మళ్ళీ మొదలు. చివరికి ఎవరో చెప్తే నేరుగా స్కాన్ సెంటరుకు పోయి ఏడు వేలు పెట్టి మోకాలికి ఎమ్మారై తీయించుకున్నాడు. ఆ పెద్ద కవరు పట్టుకోని కర్నూలు పెద్దాసుపత్రికి పోయినాం, ఆయనా, మా చిన్నమ్మా, నేనూ. ఎముకల ఓపీ ముందర ఎట్లుంటుందో పోయినోళ్ళకు తెలుసు, గద్వాల నుంచి వచ్చినోళ్ళు, రాయచూరు వాళ్ళు, ఆదోని వాళ్ళు, చేతికి సిమెంటు కట్టుతో పిల్లోళ్ళు, స్ట్రెచరు మీద ముసలోళ్ళు. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర దాటింది.

డాక్టరు ఆ కవరు పక్కన పెట్టి, ముందు ఒక నాలుగడుగులు నడువన్నా అన్నాడు. తర్వాత మంచం మీద పండుకోబెట్టి మోకాలు అంతా నొక్కి చూసినాడు, చిన్నాయన ఏమీ అనలేదు. అప్పుడు మోకాలు మడిచి, పాదం పట్టుకోని మెల్లగా బయటి పక్కకు తిప్పినాడు చూడండి, "అమ్మా" అని కేకేసి గజ్జల్లో చెయ్యి పెట్టుకున్నాడు. "నీ నొప్పి పుట్టేది తుంటిలో, తెలిసేది మోకాల్లో" అన్నాడు డాక్టరు. ఇన్నాళ్ళూ ఏం మందులు వాడినావు అని అడిగితే చిన్నాయన ఏవో తెల్లమాత్రలు సార్ అన్నాడు. అప్పుడు మా చిన్నమ్మ కొంగు ముడి విప్పి, కాగితం పొట్లం ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది. లోపల స్ట్రిప్పు ముక్క, పేరు సగమే ఉంది, నాలుగు చిన్న మాత్రలు మిగిలినాయి. డాక్టరు దాన్ని వెలుతుర్లో తిప్పి చూసి, ఇది స్టెరాయిడ్ అమ్మా, ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నాడు అని అడిగినాడు. తుంటికి ఎక్స్‌రే తీయిస్తే గుండ్రంగా బంతి మాదిరి ఉండాల్సిన ఎముక పైభాగం చదునైపోయి ఉంది. రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు అది, ఏవీఎన్ అంటారు. స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడినోళ్ళలో, మద్యం బాగా తాగేటోళ్ళలో ఎక్కువగా వస్తుంది.

ఏడు వేల స్కాను చెప్పని సంగతి కొంగులో ఉన్న పొట్లం చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో గానీ, తెలిసినోళ్ళలో గానీ ఎవరు ఎముకల డాక్టరు దగ్గరికి పోతున్నా నేను కూర్చోబెట్టి చెప్పే మాట ఒకటే, రిపోర్టులు తర్వాత, మీ కథ ముందు. డాక్టరుకు మీరు దొరికేది ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో మీరు ఏం చెప్తారో దాన్ని బట్టే ఆయన ఎక్కడ చెయ్యి వేయాలో, ఏ ఫిల్ము తీయాలో తేలుతుంది.

ముందు ఒక భయం గురించి మాట్లాడుకోవాల. మన పక్కన చానామంది ఎముకల డాక్టరు అంటే కోసేటోడే అనుకోని, ఆయన దగ్గరికి పోతే రాడ్డేస్తాడు, ప్లేటేస్తాడు అని భయపడి ఏడాది రెండేళ్ళు ఊర్లోనే తిరుగుతారు. నిజానికి ఆ ఓపీలో కూర్చున్నోళ్ళలో ఎక్కువమంది మందులు, కట్టు, వ్యాయామం, బరువు తగ్గడం, వీటితోనే ఇంటికి పోతారు. ఆపరేషన్ అవసరం పడేది కొందరికే, ఆ కొందర్లో కూడా ముందే వచ్చుంటే తప్పిపోయేటోళ్ళు ఉంటారు. ఏవీఎన్ సంగతే తీసుకోండి, బంతి అణిగిపోకముందు పట్టుకుంటే దాన్ని కాపాడడానికి దారులు ఉన్నాయి, అణిగిపోయినాక మిగిలేది తుంటి మార్పిడే. మొదట్లో అది ఎక్స్‌రేలో కూడా కనపడదు, అప్పుడు తుంటికి ఎమ్మారై నిజంగా పనికొస్తుంది. స్కాను వద్దని నేను అనడంలేదు, ఏ కీలుకు తీయాలో డాక్టరు చెయ్యి వేసి చూసినాక తెలుస్తుంది అంటున్నా.

సరే, కథ ఎట్ల చెప్పాల. నొప్పి ఎప్పుడు మొదలైంది, దెబ్బ తగిలిందా, తగలకుండానే వచ్చిందా. పొద్దున లేస్తానే బిగుసుకుపోయి అరగంట గంట తర్వాత సడలుతుందా, లేక నడిచేకొద్దీ ఎక్కువయ్యి కూర్చుంటే తగ్గుతుందా. ఇది చిన్న ప్రశ్న మాదిరి ఉంటుంది గానీ మొదటిది కీళ్ళవాతం పక్కకు, రెండోది అరుగుదల పక్కకు చూపిస్తుంది, రెండిటికీ వైద్యం వేరు. రాత్రి నిద్రలో లేపేసే నొప్పా, జ్వరం వస్తుందా, బరువు తగ్గుతున్నారా. వేలితో ఒకచోట చూపించగలరా లేక కాలంతా లాగుతుందా. ఏ పని చేస్తే వస్తుంది, అదీ మీ పని పేరుతోనే చెప్పండి, "కొంచెం నొప్పి సార్" అంటే డాక్టరుకు ఏమీ తెలీదు, "శనక్కాయ చెట్లు పీకేటప్పుడు వంగితే మళ్ళీ లేవలేను", "మగ్గం గుంతలోంచి లేచేటప్పుడు పట్టేస్తుంది", "బస్సు మెట్టు ఎక్కలేను" అంటే ఆయనకు బొమ్మ కట్టినట్లు కనపడుతుంది. ఇవన్నీ ముందురోజు రాత్రే ఒక కాగితం మీద రాసుకోండి, ఇంట్లో చదువుకునే పిల్లోళ్ళు ఉంటే వాళ్ళతో రాయించుకోండి, అక్కడికి పోయినాక ఆ జనంలో సగం మర్చిపోతారు.

తీసుకుపోవాల్సినవి అంటే, పాత ఫిల్ములన్నీ, రిపోర్టు కాగితం ఒక్కటే కాదు. ఎముకల డాక్టర్లు ఫిల్ము వాళ్ళ కళ్ళతోనే చూసుకుంటారు, ఇంకొకరు రాసింది చదివి ఊరుకోరు. ఫోన్లో తీసిన ఫోటో చానాసార్లు సరిపోదు, స్కాన్ సెంటర్లో సీడీ ఇస్తే అది కూడా పెట్టుకోండి, ఫిల్ములు బండి కవర్లో మడిచి కుక్కొద్దు. ఇంకొకటి, మీరు మింగే ప్రతి మాత్రా, బీపీది, షుగరుది, గుండెది, ఆయుర్వేదం పొడి, ఆరెంపీ ఇచ్చిన పొట్లం, అన్నీ ఒక సంచిలో వేసుకోని పోండి. పేరు తెలీకపోయినా పర్వాలేదు, స్ట్రిప్పు ఉంటే చాలు. గుండెకు స్టెంటు వేసినోళ్ళు రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటారు కదా, ఆపరేషన్ అంటే అవి ఎప్పుడు ఆపాల, అసలు ఆపొచ్చా లేదా అనేది ఎముకల డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకోని చెప్పాల్సింది, మనంతట మనం ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మద్యం తాగే అలవాటు ఉంటే అది కూడా దాయొద్దు. మా చిన్నాయన పక్కన చిన్నమ్మ ఉందని తల అడ్డంగా ఊపినాడు, డాక్టరు ఆమెను బయటికి పంపించి మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పినాడు.

ఆ తెల్లమాత్రల గురించి ఇంకొంచెం చెప్పాల, ఎందుకంటే మన పల్లెల్లో దీంతో పాడైపోయిన మనుషులు ఎంతమందో. సూది వేస్తానే గంటలో నొప్పి మాయం, ఆకలి బాగా, మనిషి కొంచెం ఒళ్ళు చేసినట్లు, మొహం గుండ్రంగా ఉబ్బినట్లు అయితే అది చానాసార్లు స్టెరాయిడే. డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్, ఇట్లాంటి పేర్లు. అవి చెడ్డమందులు కాదు, కీళ్ళవాతానికి, ఆయాసానికి డాక్టర్లు లెక్క ప్రకారం వాడతారు, లెక్క లేకుండా నెలల తరబడి వాడితేనే ఎముక గుల్ల అవుతుంది, షుగరు పెరుగుతుంది, తుంటి పోతుంది. ఇది చదివి భయపడి ఎవరూ ఒక్కసారిగా ఆపేయొద్దు, చానారోజులు వాడినోళ్ళు హఠాత్తుగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ సరిపోక పడిపోతారు, డాక్టరుతో చెప్పి మెల్లమెల్లగా తగ్గించుకోవాల. మామూలు నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కూడా రోజూ మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. మన ఎండల్లో నీళ్ళు సరిగ్గా తాగకుండా పని చేసుకుంటా అవి మింగేటోళ్ళకు ఇంకా ప్రమాదం.

నడుము నొప్పి దగ్గరికి వస్తే మన నోట్లో తిరిగే మాట "గ్యాప్ వచ్చింది". నడుములో ఎల్4 ఎల్5 పూసల మధ్య గ్యాప్ అంట, డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్త, జారిందంట, నరం పట్టేసిందంట, ఇంక బరువు ఎత్తకూడదంట, పనికి పోకూడదంట. ఆ రిపోర్టు చదివిన రోజు నుంచి మనిషి సగం చచ్చిపోతాడు. 2015లో, నడుము నొప్పి అసలు లేనోళ్ళకు తీసిన స్కాన్లు లెక్కేసిన పరిశోధన ఒకటి వచ్చింది, అందులో ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళోళ్ళలోనే 100కు 30 మందికి డిస్కు ఉబ్బు కనపడింది, ఎనభై ఏళ్ళోళ్ళలో 84 మందికి. అంటే అది చానామందికి తల నెరిసినట్లు వయసుతో వచ్చే మార్పే, కాగితం మీద రాసుంది కాబట్టి నొప్పి అక్కడి నుంచే వస్తుంది అనుకోవడానికి లేదు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి ఎక్కువమందికి ఆరు వారాల లోపల బాగా తగ్గిపోతుంది, మంచానికి అతుక్కోకుండా తిరగగలిగినంత తిరుగుతుంటే ఇంకా తొందరగా తగ్గుతుంది.

అయితే కొన్ని ఉన్నాయి, వాటికి ఆరు వారాలు కాదు ఆరు గంటలు కూడా ఆగకూడదు. మూత్రం, దొడ్డికి మీద పట్టు తప్పడం, కూర్చునేచోట అంటే తొడల మధ్య స్పర్శ తెలీకపోవడం, పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం, కాళ్ళు రోజురోజుకూ బలం తగ్గడం. వీటిలో ఏది కనపడినా రాత్రి అయినా సరే బయల్దేరండి, అది నరాల మీద ఒత్తిడి, ఆలస్యమైతే తిరిగిరాదు. జ్వరం, సాయంత్రం ఒళ్ళు వెచ్చబడడం, బరువు తగ్గడంతో వచ్చే వెన్నునొప్పి ఇంకోరకం, మన దేశంలో వెన్నుపూసకు టీబీ బాగానే వస్తుంది, మందులతో నయమవుతుంది, కానీ దాన్ని గ్యాప్ అనుకోని సూదులతో నెట్టుకొస్తే వెన్ను వంగిపోతుంది, కాళ్ళు పడిపోతాయి. ఇంతకుముందు క్యాన్సరు వచ్చినోళ్ళు ఆ సంగతి మొదటి మాటగా చెప్పాల.

అనంతపురం పక్కోళ్ళకు ప్రత్యేకంగా ఇంకోమాట. మీరు తాగే నీళ్ళు యాడివో డాక్టరుకు చెప్పండి. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రామ్ లోపల ఉండాలని, వేరే నీళ్ళు దొరకనిచోట గరిష్ఠంగా ఒకటిన్నర దాకా అని మన దేశపు లెక్క, ఆ జిల్లాలో బోర్లలో అంతకుమించి ఉన్న ఊర్లు ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే ఎముకలు గట్టిపడి, వెన్నెముక చుట్టూ ఉండే పట్టీలు కూడా ఎముక మాదిరి అయ్యి మెడ, నడుము తిరగవు, ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే తెల్లగా కనపడతాయి. పళ్ళమీద పసుపు, గోధుమరంగు మచ్చలు ఉంటే అవి కూడా చూపించండి. అప్పుడు మాత్రలకంటే ముందు మార్చాల్సింది నీళ్ళు.

మోకాళ్ళ సంగతి. "గుజ్జు అరిగిపోయింది" అంటారు, అరిగేది ఎముక చివర నున్నగా ఉండే మృదులాస్థి. దీనికి ఎక్కువమందికి ఎమ్మారై అక్కర్లేదు, నిలబడి తీసిన ఎక్స్‌రే చాలు, పండుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు బాగానే ఉన్నట్లు కనపడుతుంది, నిలబడితేనే ఎంత అరిగిందో తెలుస్తుంది, కాబట్టి నిలబెట్టి తీయమని ఎక్స్‌రే గదిలో అడగండి. ఒంటి బరువు ఒక కేజీ తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కేజీలు తగ్గుతుందని లెక్క కట్టినారు. తొడ ముందుభాగం కండ గట్టిపడే వ్యాయామం రోజూ చేస్తే నొప్పి తగ్గుతుంది, ఇది మాత్రంత తొందరగా పనిచేయదు కాబట్టి ఎవరికీ నమ్మకం ఉండదు, నాలుగు రోజులు చేసి మానేస్తారు, రెండు మూడు నెలలు చేయాల. దూరబిన్ను, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం, పెట్టి మోకాలు కడిగేస్తాం అని ఎవరన్నా అంటే ఆలోచించండి, అరుగుదలకు ఆ ఆపరేషన్ ఉత్త కోతతో సమానంగానే పనిచేసిందని, అంటే లోపల ఏమీ చేయకుండా చర్మం మాత్రం కోసి కుట్టినోళ్ళకూ అంతే ఉపశమనం వచ్చిందని అమెరికాలో 180 మంది మీద చేసిన పరిశోధన 2002లోనే చెప్పింది. దెబ్బతగిలి లోపల లిగమెంటు, అంటే ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ, తెగినోళ్ళ సంగతి వేరు, వాళ్ళకు అదే దూరబిన్ను ఆపరేషన్ బాగా పనికొస్తుంది.

మోకాలు మార్పిడి అంటే పదేళ్ళకే పాడైపోతుంది అనే మాట కూడా తప్పే, విదేశాల్లో రిజిస్టర్లు పెట్టి లెక్కేసినదాంట్లో పూర్తి మోకాలు మార్చినవాటిలో 100కు 82 దాకా 25 ఏళ్ళు నిలబడినాయి. ధర సంగతి అడగడానికి మొహమాటపడొద్దు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు, అంటే లోపల పెట్టే కృత్రిమ కీళ్ళకు, గరిష్ఠ ధర కట్టింది, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ వేరే. బిల్లులో ఇంప్లాంటు ధర విడిగా రాయమనండి, దాని పెట్టెమీద ఉండే స్టిక్కరు మీ డిశ్చార్జి కాగితం మీద అతికించమనండి, రేపు ఏదన్నా తేడా వస్తే లోపల ఏ కంపెనీది ఏ సైజుది ఉందో చెప్పేది ఆ స్టిక్కరే. మా బంధువు ఒకామెకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మొత్తం ప్యాకేజీ అని ఒకటే అంకె రాసిచ్చినారు, ఆరేళ్ళ తర్వాత ఇన్ఫెక్షన్ వస్తే లోపల ఏముందో తెలీక కొత్త డాక్టరు తల పట్టుకున్నాడు. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే దాంట్లో మీ ఆపరేషన్ వస్తుందా రాదా అనేది ఆసుపత్రిలో ఆ స్కీము కౌంటర్లోనే అడగండి, ఆధార్, బియ్యం కార్డు వెంట పెట్టుకోని పోండి. షుగరు ఉన్నోళ్ళు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ముందే చేయించుకోని పోతే ఒక తిరుగుడు తప్పుతుంది, అది ఎక్కువగా ఉంటే కుట్లు చీము పట్టే ప్రమాదం కాబట్టి ఆపరేషన్ వాయిదా వేస్తారు. పుచ్చిపన్ను, మూత్రంలో మంట, కాలిమీద పుండు, ఇట్లాంటివి ఉన్నా చెప్పాల.

ఇంక ఎముక విరగడం. మనకు మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు, అదే నాటు కట్టు, కడప నుంచి కర్నూలు దాకా ఆ బోర్డు లేని ఊరు లేదు. నేను దాన్ని తీసిపారేయను, పక్కకు జరగకుండా చీలిక మాత్రం వచ్చిన ఎముక కదలకుండా ఉంటే చాలు, ఏ కట్టుతోనైనా అతుక్కుంటుంది, అందుకే చానామందికి బాగైంది. బాగు కానిది ఏదంటే, ముక్కలు పక్కకు జరిగినవి, కీలు లోపలికి పోయిన విరుపులు, చర్మం చీలి ఎముక కనపడేవి, చిన్నపిల్లల మోచేయి, ముసలోళ్ళ తుంటి. అందుకే కట్టు ఎవరి దగ్గర కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఏ కట్టైనా సరే, కట్టిన తర్వాత వేళ్ళు చూడండి. వేళ్ళు నీలంగా, చల్లగా అయితే, తిమ్మిరెక్కితే, వేళ్ళు మెల్లగా చాపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే, కట్టు బిగుసుకుపోయింది అని అర్థం, పొద్దున చూద్దాం అనుకోవద్దు, అప్పటికప్పుడు కట్టు విప్పించుకోవాల, కండకు రక్తం అందకపోతే దాదాపు ఆరు గంటల్లో చచ్చిపోవడం మొదలవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లోని చెయ్యి వంకరపోయి వేళ్ళు ముడుచుకోని ఉండడం ఆ రోజు ఓపీలో చూసినాను, వాళ్ళమ్మ అన్నమాట, "పిల్లోడు రాత్రంతా ఏడ్చినాడు సార్, కట్టిన నొప్పి అనుకున్నాం."

బండి మీద నుంచి పడితే ఆసుపత్రికి పోయేలోపల తోమడం, లాగడం చేయొద్దు, అట్టముక్కో కర్రో పెట్టి వదులుగా కట్టి, వాపు రాకముందే ఉంగరం గాజులు తీసేయండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి టిఫిను పెట్టొద్దు. యాక్సిడెంటు అయితే పోలీసు కేసుగా రాయించడం మర్చిపోవద్దు, తర్వాత ఇన్సూరెన్సుకు ఆ కాగితమే ఆధారం. ఇంట్లో ముసలోళ్ళు జారిపడి లేవలేకపోతే, కాలు పొట్టిగా అయ్యి పాదం బయటికి తిరిగి ఉంటే అది తుంటి విరుపే, వయసైపోయింది ఆపరేషన్ ఎందుకులే అని పండుకోబెట్టడమే వాళ్ళకు ఎక్కువ ప్రమాదం, ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి కూర్చోబెడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము, వీపు పుండ్లు రాకుండా బయటపడే అవకాశం ఎక్కువ.

పోయిన రోజు బట్టల సంగతి కూడా ఆలోచించుకోండి, మోకాలు తొడ చూపించాల్సి వస్తుంది, మగోళ్ళు లుంగీ గానీ వదులు నిక్కరు గానీ, ఆడోళ్ళు వెంట ఒక ఆడమనిషి. నొప్పి లేని కాలు కూడా చూస్తారు, పోల్చుకోవడానికి.

అన్నీ అయినాక మీరు అడగాల్సినవి ఉంటాయి. జబ్బు పేరేంది, ఒక కాగితం మీద రాసియ్యండి. ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది, ఆరునెలలు ఆగితే నష్టమా. వేరే దారి ఏమన్నా ఉందా. అత్యవసరం కాకపోతే ఇంకో డాక్టరుకు కూడా చూపించుకుంటాం అని చెప్పినా తప్పులేదు, అది ఆయన్ని అవమానించడం కాదు. ఇవన్నీ అడిగినా మేము ఒకటి మర్చిపోయినాం. తుంటి మార్పిడి తేదీ కూడా రాసిచ్చి, మేము లేచి తలుపు దాకా వచ్చినాక, మా చిన్నమ్మ వెనక్కి తిరిగి "సార్, మళ్ళీ మగ్గంలో కూర్చోవచ్చునా ఈయన" అని అడిగింది. డాక్టరు పెన్ను కింద పెట్టి, మళ్ళీ కూర్చోబెట్టి, మగ్గం గుంత ఎంత లోతు, కూర్చునే పలక నేలకు ఎంత ఎత్తు, కాళ్ళు ఎట్ల పెడతావు అని అడిగినాడు. చిన్నాయన స్టూలు మీద నుంచి లేచి, రెండు చేతులతో గాల్లో మగ్గం గీసి చూపిస్తా ఉన్నాడు, పలక ఇక్కడ సార్, తొక్కుడు పలకలు ఇక్కడ. తుంటి మోకాలికంటే కిందికి పోకుండా పలక ఒక జానెడు పైకి లేపించుకుంటే చూద్దాం, మొదటి మూడు నెలలు మాత్రం వద్దు అన్నాడాయన, ఆ మాట కూడా చీటీ వెనక రాసిచ్చినాడు.